డిస్క్ కనిపించట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఆగండి!

ఇంట్లో ఒక్కరు ఇంజినీరింగ్ చదివితే చాలు, చుట్టాలందరి కంప్యూటర్లకీ వాళ్లే డాక్టర్లు. మనం రాసేది కోడ్ అనీ, స్క్రూలు విప్పడం మన సబ్జెక్ట్ కాదనీ చెప్పినా ఎవరూ వినరు. అందుకే ఏదో ఒకరోజు మీకూ ఈ ఫోన్ వస్తుంది: ‘‘సిస్టమ్ ఆన్ అవుతోంది కానీ నల్ల స్క్రీన్ మీద ఏదో ఇంగ్లిష్‌లో చూపించి ఆగిపోతోంది’’ అని. ఆ ఇంగ్లిష్ చాలాసార్లు ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అనే ఉంటుంది. అంటే విండోస్ ఉన్న డిస్క్ ఎక్కడుందో కంప్యూటర్‌కి దొరకట్లేదు. అంతే. డిస్క్ పాడైందని అర్థం కాదు. అందులో ఉన్నవన్నీ పోయాయని అసలే కాదు.

ఈ తేడా తెలియకే చాలామంది ‘ఫార్మాట్ కొట్టిస్తే పోతుందిలే’ అనుకుంటారు. నిజమే, పోతుంది.. డేటా!

తెనాలిలో మా మావయ్యకి ఫొటో స్టూడియో ఉంది. ఆయన దగ్గరున్న డెస్క్‌టాప్‌కి పదేళ్లు దాటాయి. ఆ మధ్య ఒక ఉదయం దానికి ఇదే జబ్బు చేసింది. మామూలు రోజైతే అంత కంగారు లేకపోను. కానీ ఎల్లుండి ఒకరింట్లో పెద్దకర్మ. పోయిన పెద్దాయన ఫొటో పెద్దది చేసి ఇవ్వాలి. కూతురి పెళ్లిలో నవ్వుతూ తీయించుకున్న ఫొటో అది. ఇంకెక్కడా కాపీ లేదు. ‘‘అల్లుడూ, ఇక్కడ మెకానిక్ ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తానంటున్నాడు. వేయించనా?’’ అని అడిగాడు మావయ్య. ‘‘వద్దు మావయ్యా. ముందు ప్లగ్గు తీసెయ్, వీడియో కాల్ చెయ్’’ అన్నాను.

మొదటి ప్రశ్న: బయోస్‌లో పేరుందా?

ఇలాంటప్పుడు తేల్చాల్సింది ఒకటే. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. ఏ కీ అన్నది మదర్‌బోర్డును బట్టి ఉంటుంది. అక్కడ డ్రైవ్‌ల జాబితాలో హార్డ్‌డిస్క్ మోడల్ పేరు కనిపిస్తే సమస్య ఎక్కువగా సెట్టింగ్స్‌లోనో, విండోస్‌లోనో ఉన్నట్టు. పేరే లేకపోతే వైర్లు, పవర్, పోర్ట్, చివరికి డిస్క్.. ఈ వరసలో చూడాలి. ఖర్చు లేనివి, ప్రమాదం లేనివి ముందు.

మావయ్య సిస్టమ్‌లో పేరు లేదు. పైగా పక్కన తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోంది. అది మంచి క్లూ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. పేరు సీఆర్2032, 3 వోల్టులు. ప్లగ్గు తీసేసినా టైమునీ, పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగ్స్‌నీ నిలబెట్టేది అదే. కొన్నేళ్లకి అది అయిపోతే, పవర్ పోయిన ప్రతిసారీ సెట్టింగ్స్ కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్లిపోతాయి. వాచీల షాపులో కూడా దొరికే ఆ బ్యాటరీ తెప్పించి మార్చాం. తేదీ సరిచేస్తే నిలబడింది. డిస్క్ మాత్రం ఇంకా రాలేదు.

ఇక వైర్లు. ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోయేలా చేయాలి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, అప్పుడు లోపల చెయ్యి పెట్టాలి. హార్డ్‌డిస్క్‌కి రెండు వైర్లు ఉంటాయి. సన్నటి సాటా కేబుల్ డేటాకి, వెడల్పాటిది పవర్‌కి. ఏళ్ల తరబడి వేడికి, దుమ్ముకి సాటా కేబుల్ వదులైపోవడం మామూలే. కొత్త కేబుల్ కోసం బజారుకి వెళ్లక్కర్లేదు. పాత డెస్క్‌టాప్‌లలో ఎవరూ వాడని డీవీడీ డ్రైవ్ ఉంటుంది కదా, సాధారణంగా దానిదీ అదే కేబుల్! దాన్ని పీకి హార్డ్‌డిస్క్‌కి పెట్టించాను. ఈసారి బయోస్‌లో పేరొచ్చింది. కాల్‌లో మావయ్య అరిచిన అరుపుకి మా టీమ్ మొత్తం నా వైపు చూసింది.

అయినా విండోస్ లోగో కనిపించి వెంటనే నీలం స్క్రీన్ వచ్చింది. చివర 7బి అనే కోడ్. ఇది బ్యాటరీ చేసిన రెండో పని. విండోస్ వేసినప్పుడు సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉంది. సెట్టింగ్స్ చెరిగిపోయాక ఐడీఈకి మారిపోయింది. మళ్లీ ఏహెచ్‌సీఐ పెట్టగానే డెస్క్‌టాప్ వచ్చేసింది. సెట్టింగ్ మారితే ఇలా ఆగిపోయే సిస్టమ్‌కి చాలామంది విండోస్ మళ్లీ వేయిస్తారు. అవసరం లేదు.

వచ్చేసింది కదా అని వదలొద్దు

డిస్క్ దొరికిన వెంటనే చేయాల్సింది రిపేర్ కాదు, కాపీ. పెద్దాయన ఫొటో ముందు పెన్‌డ్రైవ్‌లోకి, తర్వాత పెళ్లిళ్ల ఫోల్డర్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి. ఆ తర్వాతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూశాం. పసుపు రంగులో ‘కాషన్’ అని చూపించింది. కొన్ని సెక్టార్లు అప్పటికే పాడయ్యాయి. అంటే కేబుల్‌తో పాటు డిస్క్‌కీ వయసు మీద పడింది. చెక్‌డిస్క్, స్టార్టప్ రిపేర్ లాంటివి డిస్క్ మీద మార్పులు చేస్తాయి. నీరసంగా ఉన్న డిస్క్ మీద వాటిని కాపీ కంటే ముందు నడిపితే ఉన్నదీ పోవచ్చు.

విండోస్ తెరుచుకోకపోయినా దారి ఉంది. డిస్క్ బయటికి తీసి యూఎస్‌బీ–సాటా అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కి పెట్టి కాపీ చేసుకోవచ్చు. 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్క్‌కి విడిగా పవర్ ఇచ్చే అడాప్టర్ కావాలి. ల్యాప్‌టాప్ డిస్క్‌ల కోసం చేసిన చిన్న కేబుల్ సరిపోదు. లేదంటే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఎంచుకుని ఫైళ్లు తీసుకోవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం ఏమీ చేయొద్దు. డిస్క్ లోంచి ‘టక్.. టక్..’ అని ఆగకుండా చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. లోపల నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే తక్కువ ఎత్తులో హెడ్ తేలుతూ ఉంటుంది. అది తగులుతుంటే ఆన్ చేసిన ప్రతిసారీ కొన్ని ఫొటోలు గీసుకుపోతున్నట్టే. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందన్న చిట్కా నమ్మొద్దు, లోపల తేమ చేరుతుంది. అలాంటి డిస్క్‌ని డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

ఇక బ్యాకప్‌కి 3-2-1 అనే సూత్రం ఉంది. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి ఇంటి బయట. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కాదు, పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. మన ఫోన్లలో ఫొటోలు క్లౌడ్‌లోకి వాటంతటవే వెళ్తున్నాయి కాబట్టి మనకి ధీమా. ఊళ్లో అమ్మానాన్నల పాత డెస్క్‌టాప్‌కి ఆ ధీమా లేదు. మీ చిన్నప్పటి పుట్టినరోజులు, తాతయ్య వీడియోలు అందులోనే ఉండొచ్చు. ఈ పండక్కి వెళ్లేటప్పుడు బట్టలతో పాటు ఓ బయటి హార్డ్‌డిస్క్ కూడా బ్యాగులో వేసుకోండి. ఆ పెద్ద డబ్బా ఆన్ అవుతున్నప్పుడే కాపీ చేసేయండి.