కమిలిన చర్మానికి పసుపు రంగు ఎందుకు?

దెబ్బ తగిలి కమిలినచోట చర్మం ముందు నల్లబడి, తరువాత ఆకుపచ్చగా, చివరకు పసుపుపచ్చగా మారటం మీరు చూసే ఉంటారు. నెత్తురుకు ఎరుపునిచ్చే ‘హీమ్’ విరిగిపోతున్నప్పటి రంగులివి. ఇదే పని మీ కాలేయంలో నిత్యమూ జరుగుతోంది.

ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ముసలి కణాలను చాలావరకు ప్లీహం, కాలేయం మింగేస్తాయి. కొన్ని మాత్రం రక్తనాళాలలోనే పగిలి, హిమోగ్లోబిన్ బయటపడుతుంది. దానినుంచి హీమ్ విడిపోయిందా, ప్రమాదమే! అందులోని ఇనుము రక్తనాళాల గోడలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

అందుకే కాలేయం తయారుచేసి పంపిన రెండు ప్రోటీన్లు రక్తంలో కాపలా తిరుగుతుంటాయి. హాప్టోగ్లోబిన్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తప్పించుకున్న హీమ్‌ను హీమోపెక్సిన్ ఒడిసిపట్టి కాలేయానికి చేరుస్తుంది. ఈ జంటను లోపలికి తీసుకునే గ్రాహకం కాలేయకణాలపై ఉన్నదని 2005లో తెలిసింది. లోపల ఒక ఎంజైము హీమ్‌ను విరుస్తుంది. ఇనుమును శరీరం మళ్ళీ వాడుకుంటుంది. మిగిలినది ఆకుపచ్చని బిలివర్డిన్‌గా, ఆపైన పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారి పైత్యరసంతో పేగులలోకి పోతుంది. చిత్రమేమంటే, ఇందులో రవ్వంత కార్బన్ మోనాక్సైడు కూడా పుడుతుంది! దాన్ని మనం ఊపిరితో వదిలేస్తాం.

తీవ్రమైన మలేరియాలో కణాలు కుప్పలుగా పగిలితే ఈ కాపలా చాలదు. హాప్టోగ్లోబిన్ అంతా ఖర్చయిపోయి, హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగి అది నల్లబడుతుంది. కణాలు పగులుతున్నాయని అనుమానం వస్తే డాక్టర్లు రక్తంలో హాప్టోగ్లోబిన్ ఎంత మిగిలిందో చూసేది అందుకే.