తల్లిదండ్రుల విడాకులు – పిల్లల మనసు

సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఈ విషయం రాయనా వద్దా అని చాలా తటపటాయించాను. మన క్లాసుల్లోనే ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు. చెప్పుకోరు. నేనూ ఇన్నాళ్ళూ చెప్పుకోలేదు.

నా ఎనిమిదో ఏట మా అమ్మా నాన్నా విడిపోయారు. ఆఖరి పోట్లాట నా ప్రోగ్రెస్ కార్డు దగ్గర మొదలయింది. లెక్కల్లో తప్పాను. పొద్దున్న లేచేసరికి నాన్న లేడు. "క్యాంపు కెళ్ళార్రా" అంది అమ్మమ్మ. ఏ క్యాంపూ ఆర్నెల్లుండదని నాకూ తెలుసు. లెక్కలొస్తే నాన్న తిరిగొస్తాడనుకుని ఇరవయ్యో ఎక్కం దాకా బట్టీ పట్టాను.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తరువాత చదివితే తెలిసింది. 1971లో కాలిఫోర్నియాలో జూడిత్ వాలర్‌స్టీన్, జోన్ కెల్లీ విడిపోతున్న 60 కుటుంబాల్లోని 131 మంది పిల్లలను పరిశీలించడం ప్రారంభించారు. తప్పు తమదేనన్న భావన, అమ్మానాన్నా మళ్ళీ కలుస్తారన్న ఆశ చిన్నపిల్లల్లో గమనించారు. అవి చాలావరకు మధ్యతరగతి అమెరికన్ ఇళ్ళు. మన అమ్మమ్మలూ మేనమామలూ అందులో లేరు. నా ఎక్కాలు మాత్రం నాకు అందులో కనిపించాయి.

కనుక పిల్లలకు ముందుగా చెప్పవలసింది "ఇది నీవల్ల కాదు" అని. ఒకసారి చెబితే చాలదు, నమ్మరు. వీలైతే ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పాలి. కారణాలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. రేపు ఎక్కడ పడుకోవాలి, బడి మారుతుందా, నాన్న ఎప్పుడొస్తాడు – పిల్లవాడికి కావలసినవి ఇవి. ఆదివారం వస్తానన్న మనిషి ఆదివారమే రావాలి.

ఇక కబుర్లు మోయించడం. "ఫీజు డబ్బులేవని మీ నాన్ననడుగు", "మీ అమ్మ నా గురించి ఏమంటోంది?" – ఈ రెండు ప్రశ్నల మధ్య నేను నాలుగేళ్ళు పోస్ట్‌మాన్ ఉద్యోగం చేశాను, జీతం లేకుండా.

చట్టానికి మనమనుకున్నదానికన్నా దయ ఎక్కువే. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం అయిదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరుండాలి. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని అదే చట్టంలోని 13వ సెక్షన్. ఊహ తెలిసిన బిడ్డయితే వాడి ఇష్టాన్నీ కోర్టు ఆలోచించవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అంటుంది. అయితే నలుగురి మధ్యా నిలబెట్టి "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడిగే అధికారం చుట్టాలకు ఏ చట్టమూ ఇవ్వలేదు!

నా సంగతి కనిపెట్టింది ఇంట్లోవాళ్ళు కాదు, లెక్కల మాస్టారు. మూడో క్లాసు కుర్రాడికి పందొమ్మిదో ఎక్కం ఎందుకురా అని ఆయన అడిగితే ఏడుస్తూ అంతా చెప్పేశాను. సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడారు. ఆ రాత్రి అమ్మ తనే నాన్నకు ఫోన్ చేసి నా చేతికిచ్చింది. "మీ అమ్మకీ నాకూ పడకపోవడానికి నీ మార్కులకీ సంబంధం లేదురా" అన్నాడు నాన్న. నేను నమ్మలేదు. పందొమ్మిదో ఎక్కం అప్పజెబుతానన్నాను.

చివరిదాకా విన్నాడు.