అదే కారు... అదే చల్లగాలి!

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. కామారెడ్డి నుంచి సిరిసిల్ల వెళ్లే రోడ్డు మీద మాచారెడ్డి దాటుతుంటే కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, సెగ! ఇప్పటి కారైతే ఫర్వాలేదు. అద్దాలు ఎక్కించి మీట నొక్కితే చాలు. అదే యాభై అరవై ఏళ్ల కిందటి స్పోర్ట్స్‌ కారైతే? పైకప్పు తలకు తగిలేంత కిందికి ఉంటుంది. ఏటవాలుగా ఉన్న ముందు అద్దం ఎండనంతా తెచ్చి ఒళ్లో పోస్తుంది. ఇంజిన్‌ వేడికి కాళ్ల దగ్గర పొయ్యి పెట్టినట్టే ఉంటుంది. అందం చూసి ముచ్చటపడి ఎక్కినవాళ్లు కూడా పది కిలోమీటర్లు పోయేసరికి ‘ఎప్పుడు దిగుదామా’ అనుకుంటారు.

‘ఏసీ పెట్టించుకుంటే సరి’ అనిపిస్తుంది ఎవరికైనా. కానీ పాత కార్ల ప్రేమికులు కోరుకునేది ఏదో ఒక ఏసీ కాదు. ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున అందులో ఏ ఏసీ ఉందో... అదే కావాలి. మధ్యలో ఎవరో ఊడబీకి పక్కన పడేసిన దాన్ని మళ్లీ ఉన్నచోటే కూర్చోబెట్టాలి. ఆ పనిలో బోల్టుల కంటే, బెల్టుల కంటే పెద్ద చిక్కు ఒకటుంది. అది కంటికి కనపడని గ్యాస్‌! ఆ గ్యాస్‌ కథలో మన సికింద్రాబాద్‌కూ చోటుంది.

డిక్కీ నిండా ఏసీయే!

కారులో ఏసీని ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మిన మొదటి కంపెనీ అమెరికాకు చెందిన ప్యాకార్డ్‌. 1939 చివర్లో, మరుసటి ఏడాది మోడళ్ల కోసం దాన్ని జనానికి చూపించింది. అదనపు ధర 274 డాలర్లు. చల్లబరిచే యంత్రం డిక్కీలో సగాన్ని మింగేసేది. ఏసీ ఆపాలంటే ఓ మీట ఉండేది కాదు. కారు దిగి, బానెట్‌ ఎత్తి, కంప్రెసర్‌ బెల్టు ఊడదీయాల్సిందే!

స్పోర్ట్స్‌ కార్ల దాకా ఆ సౌకర్యం రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అమెరికన్ల అభిమాన స్పోర్ట్స్‌ కారు షెవర్లే కార్వెట్‌కు 1963లో తొలిసారి ఫ్యాక్టరీ ఏసీ ఇచ్చారు. ధర దాదాపు 422 డాలర్లు. అప్పట్లో కారు ఖరీదులో అది ఇంచుమించు పదో వంతు. ఆ ఏడాది తయారైన 21,513 కార్వెట్లలో ఏసీ ఉన్నవి 278 మాత్రమే. అందుకే అలాంటి కారు ఈరోజు ఎవరి దగ్గరైనా ఉంటే, దాని ఏసీ పనిచేయకపోయినా ఊడదీయడానికి మనసొప్పదు.

అయినా ఊడదీసినవాళ్లు చాలామందే. గ్యాస్‌ కారిపోయి చల్లదనం ఆగిపోగానే అది ఉత్త బరువుగా కనిపించేది. అప్పటి జనరల్‌ మోటార్స్‌ కంప్రెసర్‌ ఒక్కటే పదిహేను కిలోల పైచిలుకు ఉండేది. ‘బరువు తగ్గితే కారు ఇంకాస్త పరిగెడుతుంది’ అనుకుని తీసి షెడ్డులో పడేశారు. ఇప్పుడు వాళ్ల పిల్లలో, ఆ కారు కొనుక్కున్నవాళ్లో అదే సామాను కోసం ఊళ్లు గాలిస్తున్నారు.

మన దగ్గర కథ వేరు. అంబాసిడర్‌, ఫియట్‌ కార్లలో డ్యాష్‌బోర్డు కింద వేలాడిన ఏసీ పెట్టె చాలా కుటుంబాలకు గుర్తే. మోకాళ్లకు తగిలేది కానీ పాపం చల్లగానే ఉంచేది. అది తర్వాత బిగించినది. ఫ్యాక్టరీ ఏసీ అలా కాదు. గాలి వచ్చే కంతలు డ్యాష్‌బోర్డులోనే అచ్చుపోసి ఉంటాయి. మీటలు, తీగలు, గొట్టాలు, ఇంజిన్‌ వెనక రేకుకు పెట్టిన రంధ్రాలు... అన్నీ దానికోసమే పుట్టినట్టుంటాయి.

ముందు జాతకం చూడాలి

కాబట్టి పని మొదలయ్యేది పానాతో కాదు, కాగితంతో. ఆ కారుకు నిజంగా ఫ్యాక్టరీ ఏసీ ఉండేదా? తయారీ పత్రాలుంటే తెలిసిపోతుంది. లేకపోతే కారే సాక్ష్యం చెబుతుంది. ఏసీతో వచ్చిన కారుకు చాలావరకు రేడియేటర్‌ పెద్దది. ఫ్యాను వేరు. కరెంటు ఎక్కువిచ్చే ఆల్టర్నేటర్‌. క్రాంక్‌ చివర అదనపు పుల్లీ. ఇవన్నీ ఉండి కంప్రెసర్‌ ఒక్కటే లేదంటే, ఎవరో తీసేశారనే అర్థం.

తర్వాత సామాను జాబితా. వాయువును నొక్కి పిండే కంప్రెసర్‌, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్‌, తేమను పీల్చే డ్రయర్‌, వాయువును సన్నని దారిలోంచి వదిలే ఎక్స్‌పాన్షన్‌ వాల్వ్‌, చల్లదనం పుట్టే ఎవాపరేటర్‌. సూత్రం మనింటి రంజన్‌దే. కుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. ఇక్కడ నీటి బదులు గ్యాస్‌. కుండలో నీరు గాల్లో కలిసిపోతుంది. ఏసీలో గ్యాస్‌ మాత్రం మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉండాలి. ‘ఉండాలి’ అన్నచోటే వస్తుంది తిప్పలంతా.

ఇంజిన్‌ వెనకున్న 1970ల నాటి పోర్షే 911 లాంటి కార్లలో ఆ తిప్పలు రెట్టింపు. కంప్రెసర్‌ వెనకాల, చల్లబరిచే భాగం ముందు. రెండింటినీ కలుపుతూ కారు పొడవునా రబ్బరు గొట్టాలు. గొట్టం ఎంత పొడవుంటే గ్యాస్‌ పారిపోవడానికి అన్ని దారులు!

సికింద్రాబాద్‌లో మొదలైన ప్రశ్న

పాత కార్ల ఏసీల్లో నింపింది ఆర్‌-12 అనే గ్యాస్‌. అంతకుముందు చల్లటి యంత్రాల్లో వాడిన అమ్మోనియా, సల్ఫర్‌ డయాక్సైడ్‌ కారితే ప్రాణాల మీదికొచ్చేది. ఆర్‌-12 మండదు, విషం కాదు. అందుకే 1930ల నుంచీ అందరూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కారిపోతే? ‘మళ్లీ నింపితే సరి’ అనుకునేవారు.

1960ల మధ్యలో తమిళనాడుకు చెందిన వీరభద్రన్‌ రామనాథన్‌ అనే కుర్ర ఇంజినీరు సికింద్రాబాద్‌లోని ఓ రిఫ్రిజిరేటర్ల కంపెనీలో చేరాడు. ఆయనకు అప్పగించిన పని... గ్యాస్‌ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం! తర్వాత ఆయన అమెరికా వెళ్లి వాతావరణ శాస్త్రంలో అడుగుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, 1974లో, ఆ జాతి గ్యాసులు పైకెళ్లి ఓజోన్‌ పొరను తినేస్తాయని మారియో మొలీనా, షేర్‌వుడ్‌ రోలాండ్‌ బయటపెట్టారు. 1975లో రామనాథన్‌ మరో నిజం చెప్పాడు. అవి భూమిని వేడెక్కిస్తాయి కూడా. వాటిలో ఒక్క అణువు, దాదాపు పది వేల కార్బన్‌ డయాక్సైడ్‌ అణువుల పెట్టు! ఒకప్పుడు కొలువులో వెతికిన గ్యాసే ఆయన్ను మళ్లీ ఆకాశంలో ఎదురైంది.

1987లో మాంట్రియల్‌ ఒప్పందం కుదిరింది. 1992లో భారత్‌ అందులో చేరింది. అమెరికాలో 1995తో ఆర్‌-12 తయారీ ముగిసింది. మన దేశంలో 2008లో, మందుల ఇన్‌హేలర్ల వంటి అత్యవసరాలకు తప్ప, ఆ జాతి గ్యాసుల తయారీ ఆగిపోయింది. అంటే పాత కారుకు అసలు కంప్రెసర్‌ దొరకొచ్చు, అసలు మీట దొరకొచ్చు. అసలు గ్యాస్‌ మాత్రం కొత్తగా తయారుకాదు.

పైకి పాతది... లోపల కొత్తది

మరి దారేది? ఈ పని తెలిసినవాళ్లు పట్టుకున్న పద్ధతి ఒకటే. కంటికి కనిపించేదంతా పాతదే ఉంచడం, గ్యాస్‌ తిరిగే దారి మాత్రం కొత్తగా మార్చడం.

ఆర్‌-12 స్థానంలో కార్లకు వచ్చింది ఆర్‌-134ఏ. దాంతో ఓజోన్‌కు ముప్పు లేదు. కానీ పాత యంత్రంలో తిన్నగా నింపేస్తే కుదరదు. పాత గ్యాస్‌తో కలిసి తిరిగిన మినరల్‌ ఆయిల్‌ కొత్త గ్యాస్‌తో కలవదు. కంప్రెసర్‌ నూనె అందక అరిగి పట్టేస్తుంది. కాబట్టి గొట్టాలన్నీ కడిగి, తగిన నూనె మార్చాలి. కొత్త గ్యాస్‌ అణువులు చిన్నవి, పాత రబ్బరులోంచి జారిపోతాయి. అందుకే పాత బిగింపులే ఉంచి, లోపల నైలాన్‌ పొర ఉన్న గొట్టం వేయిస్తారు. రబ్బరు రింగులన్నీ మారుస్తారు. డ్రయర్‌ ఎప్పుడూ కొత్తదే. పాత కంప్రెసర్‌ రూపంలోనే, లోపల తేలికైన కొత్త యంత్రంతో తయారైనవీ విదేశాల్లో దొరుకుతున్నాయి. బానెట్‌ ఎత్తి చూస్తే తేడా పట్టడం కష్టం.

నింపే ముందు వ్యవస్థలోని గాలిని పంపుతో కనీసం అరగంట, ముప్పావుగంట లాగేయాలి. ఆ తర్వాత పంపు ఆపి ముల్లు కదులుతుందేమో చూడాలి. కదిలితే ఎక్కడో లీకున్నట్టే. తేమ మిగిలితే సన్నటి వాల్వ్‌ దగ్గర మంచు గడ్డకట్టి దారి మూస్తుంది. కొత్త గ్యాస్‌ కూడా పాత లెక్కలో 80 నుంచి 85 శాతమే చాలు. ‘ఇంకాస్త కొట్టించండి’ అంటే చల్లదనం పెరగదు, ఒత్తిడి పెరుగుతుంది. చవకగా వస్తుందని వంటగ్యాస్‌ జాతివి నింపడం నిప్పుతో చెలగాటమే. పాత వ్యవస్థ దానికోసం తయారుకాలేదు.

మన దేశంలో ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. యాభై ఏళ్లు దాటిన కార్లను ‘వింటేజ్‌’గా నమోదు చేసుకునే నిబంధనలను కేంద్రం 2021లో తెచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఆ బండ్లను ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికి తప్ప రోజువారీ తిరగడానికి వాడకూడదు. ఏసీ లేకుండా పుట్టిన కారుకు రేకు కోసి ఏసీ పెట్టించాలనుకునేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఏసీతోనే పుట్టిన కారుకు మాత్రం ఆ కంతలన్నీ ముందే ఉంటాయి. దానిది దానికి తిరిగి ఇవ్వడమే.

లీకును వెతికే చేయి

ఇంత చేసినా ఇప్పటి కారంత చల్లగా ఉంటుందా? చాలాసార్లు ఉండదు. సిగ్నల్‌ దగ్గర ఆగితే గాలి కాస్త వెచ్చబడుతుంది. కదిలితే మళ్లీ చల్లబడుతుంది. ప్రేమికులకు అది సరిపోతుంది.

కామారెడ్డి, సిరిసిల్ల పల్లెల నుంచి బతుకుదెరువుకు గల్ఫ్‌ వెళ్లినవాళ్లు ఎందరో. ఏసీ లేనిదే గడవని ఎడారిలో ఆ పని నేర్చుకుని తిరిగొచ్చిన చేతులు ఈ పల్లెలకు కొత్త కాదు. ‘గ్యాస్‌ అయిపోయింది సార్‌, నింపాలె’ అనే మెకానిక్‌ ఎక్కడైనా దొరుకుతాడు. ‘నింపుడు తర్వాత సార్‌, ముందు ఎక్కడ పోతుందో చూద్దాం’ అనే మెకానిక్‌ దొరకాలి. ఆర్‌-134ఏ కూడా ఓజోన్‌ను వదిలేసింది కానీ భూమిని వేడెక్కించడం మానలేదు. కిలో కారితే వెయ్యి కిలోలకు పైగా కార్బన్‌ డయాక్సైడ్‌తో సమానం. అందుకే 2016 కిగాలీ ఒప్పందం దాన్నీ తగ్గించాలంది. 2021లో భారత్‌ దాన్ని ఆమోదించింది.

లోపల ఇద్దరిని చల్లబరచడానికి బయట అందరికీ ఎండ పెంచకూడదు కదా! మాచారెడ్డి రోడ్డు మీద ఆ పాత కారు అద్దాలు ఎక్కించి, చల్లగాలి ఆడిస్తూ సాగిపోవచ్చు. ఎవరూ కాదనరు. అసలు ఏసీని మళ్లీ బిగించడం సగం పనే. దాని గ్యాస్‌ను లోపలే ఉంచడం మిగతా సగం.