ఇంటర్‌లో 40 శాతమే వచ్చినా ఎంబీబీఎస్‌కు దారుంది
కడప జిల్లా తుమ్మలపల్లె లాంటి ఊళ్ల నుంచి బైపీసీ చదువుతూ దీర్ఘకాలిక జబ్బుతో మార్కులు తగ్గిన దళిత విద్యార్థి, డాక్టరు చదువు ఆశ వదులుకోనక్కరలేదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పాసై, మూడింటిలో కలిపి 40 శాతం తెచ్చుకుంటే అర్హులే. జనరల్ వాళ్లకది 50 శాతం. ఆపైన సీటు నీట్ ర్యాంకును బట్టే. ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీ ఇప్పుడు లేదు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు, కోలుకున్నాకే రాయొచ్చు.

జబ్బు వైకల్యంగా మిగిలినా, 40 శాతం దాటిందన్న ఒక్క కారణంతో సీటు నిరాకరించకూడదని, చదవగలరో లేదో బోర్డు పరీక్షించి చెప్పాలని 2024లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇక మిగిలిన అడ్డు డబ్బు: మందులు, లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజు, కూలి లేని ఏడాది. సంఘాలు అడగాల్సింది దాని గురించే.