ఎక్స్‌మెన్: ముసుగు కింద మరో కథ

పైకి ఒక కథ చెబుతూ, దాని అడుగున మరొక విషయాన్ని మొదటినుంచి చివరిదాకా నడిపించే పద్ధతిని అన్యాపదేశం అంటారు. కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకాన్ని పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు ‘ప్రబోధచంద్రోదయం’గా తెలుగు చేసినప్పుడు, అందులో వివేకుడికీ మహామోహుడికీ జరిగే పోరు మనిషి లోపల జరిగేదేనని పాఠకుడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది, ఏ పాత్ర దేనికి నిలబడుతుందో పేరే చెప్పేసింది. హాలీవుడ్ సూపర్‌హీరో చిత్రాల్లో అంత బాహాటమైన అన్యాపదేశం అరుదు. వాటిలో చాలావరకు ప్రతీకలతో సరిపెట్టుకుంటాయి, అంటే ఒక వస్తువో, దుస్తులో, దృశ్యమో తన మామూలు అర్థాన్ని మించిన భావాన్ని మోస్తుంది గాని, కథ మొత్తం ఆ భావం మీద నిలబడదు. ఆ పై మెట్టు ఎక్కడానికి గట్టిగా ప్రయత్నించినవి, ఎక్కాక కొన్నిచోట్ల తూలినవి ఎక్స్‌మెన్ చిత్రాలు.

స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 1963లో మార్వెల్ సంస్థ కోసం మొదలుపెట్టిన ఎక్స్‌మెన్ కామిక్ పుస్తకాల్లో మ్యూటెంట్లు అనే వర్గం ఉంది. జన్యువుల్లో వచ్చిన మార్పు వల్ల వీరు ఏదో ఒక అసాధారణ శక్తితో పుడతారు. అది సాధారణంగా యుక్తవయసు తొలినాళ్లలో బయటపడుతుంది. తక్కిన సూపర్‌హీరోలకు జనం చప్పట్లు కొడితే వీరిని చూసి తలుపులు మూసుకుంటారు. 2000లో బ్రయన్ సింగర్ దర్శకత్వంలో వచ్చిన మొదటి చిత్రంలో, మ్యూటెంట్లందరూ ప్రభుత్వం దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాలనే చట్టం కోసం పట్టుబట్టే సెనేటర్ కెల్లీ, సభలో ఒక జాబితాను చేతబట్టి చూపిస్తాడు. ప్రభుత్వంలో చేరిన కమ్యూనిస్టుల జాబితా తన దగ్గర ఉందని 1950లో ప్రకటించి, అనుమానాల వేటకు ఆజ్యం పోసిన సెనేటర్ జోసెఫ్ మెకార్తీ సంగతి తెలిసిన ప్రేక్షకుడికి ఆ కాగితం ఒక్కటే చాలు.

అయితే ఆ చిత్రంలో అన్నిటికన్నా బరువైన ప్రతీక కాగితం కాదు, ఇనుము. కథ 1944లో, నాజీల ఆక్రమణలో ఉన్న పోలండ్‌లోని ఒక నిర్బంధ శిబిరంలో, వానలో మొదలవుతుంది. తల్లిదండ్రులను గేటు అవతలికి తోలుకుపోతుంటే చేతులు చాచి అరిచే యూదు బాలుడి దుఃఖానికి ఆ ఇనుప గేటు మెలితిరిగిపోతుంది. ఆ బాలుడే పెద్దయ్యాక లోహాన్ని శాసించే మాగ్నెటో అవుతాడు. ముళ్లకంచె, గేటు, తుపాకీ, ఇలా తన వాళ్లనుంచి తనను విడదీసినదంతా ఏ పదార్థంతో తయారైందో, ఆ పదార్థమే అతడి ఆయుధం కావడం సినిమా మాటల్లో చెప్పదు, చూపించి ఊరుకుంటుంది. మాథ్యూ వాన్ దర్శకత్వంలో 2011లో వచ్చిన ‘ఫస్ట్ క్లాస్’ ఈ పోగునే మరింత ముందుకు లాగింది. 1962 నాటి క్యూబా క్షిపణి సంక్షోభం నేపథ్యంగా సాగే ఆ కథ చివర, ఓడల్లో ఉన్న సైనికులు కేవలం ఆజ్ఞలు పాటిస్తున్నవారేనని మిత్రుడు వారిస్తే, అలాంటి వాళ్ల చేతిలోనే తాను ఒకప్పుడు చిక్కుకున్నానని మాగ్నెటో బదులిస్తాడు. ఆజ్ఞలు పాటించామన్నదే నాజీ అధికారులు న్యూరెంబర్గ్ విచారణలో చెప్పుకున్న సమర్థన అని గుర్తున్నవారికి, ప్రతినాయకుడి మాట కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

మొదటి చిత్రం ముగింపు ఘట్టానికి ఎంచుకున్న చోటు కూడా యాదృచ్ఛికం కాదు. 1892 నుంచి 1954 దాకా లక్షలాది వలసదారులను వడపోసి అమెరికాలోకి రానిచ్చిన ఎల్లిస్ ద్వీపంలో ప్రపంచ నేతలు సమావేశమవుతారు. పక్కనే ఉన్న స్వేచ్ఛాప్రతిమ చేతి కాగడాలో మాగ్నెటో తన యంత్రాన్ని అమర్చి, వారినే మ్యూటెంట్లుగా మార్చాలని చూస్తాడు. ఆ యంత్రాన్ని నడపడానికి రోగ్ అనే మ్యూటెంట్ అమ్మాయినే బలిపెట్టబోవడంతో అతడి వాదం అతడి చేతుల్లోనే కూలిపోతుంది.

మాగ్నెటోకు ఎదురుగా నిలిచేవాడు, మనుషులతో సహజీవనం సాధ్యమని నమ్మే ఆచార్యుడు జేవియర్. ఈ ఇద్దరూ మాల్కమ్ ఎక్స్, మార్టిన్ లూథర్ కింగ్‌లకు ప్రతిరూపాలన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. మొదటి చిత్రం చివర మాగ్నెటో నోట మాల్కమ్ ఎక్స్ పేరుతో ప్రసిద్ధమైన ఒక మాట పలికించి సినిమా కూడా దానికి వంత పాడింది. కాని 1963 నాటి కామిక్‌లో మాగ్నెటో ఉత్త దుర్మార్గుడు, గతమే లేనివాడు. అతడికి నాజీ శిబిరపు గతాన్ని ఇచ్చింది 1980ల ఆరంభంలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్. ఆయన మనసులో ఉన్న నమూనా సాయుధ పోరాటం నుంచి ప్రధానమంత్రి పదవికి చేరిన ఇజ్రాయెల్ నేత మెనాఖెమ్ బెగిన్. పైగా, ఊచకోతకు సిద్ధపడే పాత్రకు మాల్కమ్ ఎక్స్‌ను పోలికగా తేవడం ఆ నాయకుడికి చేసే అన్యాయమే.

2003లో వచ్చిన రెండో చిత్రంలో పోలిక మరో దారి పట్టింది. బాబీ అనే కుర్రాడు తనకున్న శక్తి గురించి ఇంట్లోవాళ్లకు చెప్పినప్పుడు, మ్యూటెంట్‌గా ఉండకుండా ఉండేందుకు ప్రయత్నించావా అని తల్లి అడుగుతుంది. స్వలింగ ప్రేమికులైన పిల్లలు ఇళ్లలో ఎదుర్కొనే ప్రశ్నే అది, ఒక్క పదం మాత్రం మారింది. మాగ్నెటోగా నటించిన ఇయాన్ మెకెల్లెన్ తాను స్వలింగ ప్రేమికుడినని 1988లోనే బహిరంగంగా ప్రకటించినవాడు, ఈ పోలికే తనను పాత్ర వైపు లాగిందని చెప్పినవాడు. అదే చిత్రంలో ఎవరి రూపమైనా ధరించగల నీలి చర్మపు మిస్టీక్‌ను, ఎప్పుడూ మామూలు మనిషిలాగే ఉండిపోవచ్చు కదా అని అడిగితే, అలా దాక్కోవలసిన అగత్యం ఎందుకుండాలన్న అర్థంలో ఆమె ఇచ్చే పొట్టి జవాబు పెద్ద ప్రసంగాలకన్నా పదునైనది.

ఒకే కథ యూదులకు, నల్లజాతివారికి, స్వలింగ ప్రేమికులకు తమ కథలా కనిపించడం దాని బలమే. బలహీనత కూడా అక్కడే ఉంది. చరిత్రలో ఈ వర్గాల పట్ల పెంచిన భయం కల్పితం, వారివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. మ్యూటెంట్ల సంగతి అలా కాదు: సైక్లాప్స్ అనే మ్యూటెంట్ కళ్లద్దాలు తీస్తే గోడలు కూలతాయి, మాగ్నెటో తలచుకుంటే వంతెన లేచివస్తుంది. అలాంటప్పుడు పేర్లు నమోదు చేయమనే సెనేటర్ మాట, కథ లోపల నిలబడి చూస్తే, పూర్తిగా పిచ్చిమాట కాదు. అన్యాపదేశంలో పైకథ అడుగుకథను మోయాలి. ఇక్కడ పైకథ అడుగుకథకు ఎదురుసాక్ష్యం చెబుతోంది. కథను ముందుకు నడిపే ప్రధాన పాత్రల్లో తెల్లవారే ఎక్కువ కావడం దీనికి తోడైన మరో లోపం.

2006 నాటి మూడో చిత్రం ‘ది లాస్ట్ స్టాండ్’ మిగతా విషయాల్లో తేలిపోయినా, ఈ చిక్కును మాత్రం సూటిగా ముట్టుకుంది. మ్యూటెంట్ లక్షణాన్ని పోగొట్టే మందు తయారైందని తెలియగానే, వాతావరణాన్ని శాసించే స్టార్మ్ మండిపడి, నయం చేయడానికి ఇది జబ్బే కాదంటుంది. ఆమె శక్తి ఆమెకు వైభవం. కాని తాకితే ఎదుటివారి ప్రాణశక్తిని లాగేసే శాపం ఉన్న రోగ్‌కు, ప్రేమించినవాడి చేయి పట్టుకోవడం కూడా కుదరదు. ఆమె ఆ మందు కోసం ఇల్లు విడిచి బయలుదేరుతుంది. ఆత్మగౌరవం పేరుతో ఆమెను ఆపడం న్యాయమా, వెళ్లనిస్తే ఆ మందును అందరి మీదా రుద్దేవారికి బలం ఇచ్చినట్టా అన్నది చిత్రబృందానికీ తేలినట్టు లేదు. థియేటర్లలో విడుదలైన ముగింపులో ఆమె మందు తీసుకునే తిరిగివస్తుంది. తీసుకోకుండా తిరిగివచ్చే ముగింపును కూడా వారు చిత్రీకరించి, దాన్ని డీవీడీలో చేర్చారు.