రెండు రాబడులు, ఒక్క లెక్క



పట్నమునకు పోయి ఉద్యోగము చేయుచున్న బిడ్డ లేని యిల్లు నేడు మన గ్రామములలో అరుదు. అట్టి బిడ్డలలో పెక్కురు పగలు కంపెనీ కొలువు చేసి, రాత్రివేళలందును ఆదివారములందును స్వంతముగా మరియొక పని చేసి నాలుగు రూకలు గడించుచున్నారు. ఒకడు పాఠములు చెప్పును; ఒకడు తర్జుమాలు చేయును; ఒకడు ఇండ్ల ప్లానులు గీయును. కష్టించి సంపాదించుట మెచ్చదగినదే. కాని రాబడి రెండు త్రోవల వచ్చినప్పుడు పన్ను లెక్క ఎట్లు వేయవలెనో తెలియనిచో, చేతికి వచ్చినదనుకొన్న సొమ్ము చేయి జారిపోవును. ఆ సంగతియే నేడు మీకు విన్నవింతును.

ముందుగా నా తప్పు నేనే చెప్పుకొందును. నేను పూర్వము ఒక ఆఫీసులో లెక్కల గుమాస్తాగా నుంటిని. సాయంకాలములందు దుకాణదారులకు పద్దులు వ్రాసియిచ్చి కొంత పుచ్చుకొనువాడను. జీతముమీది పన్ను ఆఫీసువారే పట్టుకొనుచున్నారు గదా, ఇక నాకు విచారమేమని ఊరకుంటిని. రెండేండ్లకు నోటీసు వచ్చెను. పన్నుతోపాటు వడ్డీయు కట్టితిని. ఊరివారి పద్దులు దిద్దినవాడను నా పద్దు దిద్దుకొననైతిని.

ఇక మా తమ్ముని కుమారుని సంగతి వినుడు. అతడు హైదరాబాదులో ఇంజనీరు. 2026 సంక్రాంతికి ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి సంతోషముతో నిట్లు చెప్పెను: “పెదనాన్నా, ఈ యేడు నా జీతముమీద పన్ను లేదు. ప్లానుల సొమ్ములో కంపెనీలవారు 40,000 రూపాయలు ముందే పట్టుకొన్నారు. అదియు వాపసు వచ్చును. దానితో నాన్నకు చేనిలో బోరు వేయింతును.” మా తమ్ముడు అప్పటికే బోరుబండివానితో మాటాడి యుండెను.

నేను కాగితము తెప్పించి లెక్క వేసితిని. 2025 ఏప్రిల్ మొదలు 2026 మార్చి వరకు గల సంవత్సరమునకు, క్రొత్త పద్ధతి ననుసరించి వేసిన లెక్క యిది.

అతని జీతము సంవత్సరమునకు 12,00,000 రూపాయలు. జీతగాండ్రకు స్టాండర్డు డిడక్షను పేర 75,000 తీసివేయుదురు. మిగిలినది 11,25,000. ఆ సంవత్సరము ఆదాయము 12,00,000 దాటనివారికి పన్ను యావత్తును రిబేటుగా విడిచిపెట్టిరి. కాబట్టి జీతమొక్కటే చూచినచో పన్ను సున్నయే. ఆఫీసువారు చెప్పినది అబద్ధము కాదు.

ప్లానులకు రెండు కంపెనీలవారు చెరి రెండు లక్షల వంతున 4,00,000 ఇచ్చిరి. ఇంజనీర్లు, వైద్యులు, వకీళ్లు మొదలగు కొన్ని వృత్తులవారికి ఒక సులభమార్గము కలదు. వచ్చిన సొమ్ములో సగము ఖర్చులక్రింద పోయినదని భావించి, తక్కిన సగమునే ఆదాయముగా చూపవచ్చును. పద్దు పుస్తకములు ఉంచుకొన నక్కరలేదు. అయితే ఆ సగమునందే కంప్యూటరు, కరెంటు, కాగితము అన్నియు నిమిడియున్నవి. మరల వేరుగా తీసివేయరాదు. అట్లు ప్లానుల ఆదాయము 2,00,000 అయినది.

రెండును కలుపగా 13,25,000. చూచితిరా, పండ్రెండు లక్షల గట్టు తెగినది! గట్టు ఇంతగా తెగినప్పుడు పన్ను రిబేటు పూర్తిగా పోవును. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తరువాతి నాలుగు లక్షలకు నూటికి 5 వంతున 20,000. ఆపై నాలుగు లక్షలకు నూటికి 10 వంతున 40,000. మిగిలిన 1,25,000లకు నూటికి 15 వంతున 18,750. వెరసి 78,750. దానిమీద నూటికి 4 వంతున సెస్సు 3,150. మొత్తము 81,900 రూపాయలు. ఇందులో కంపెనీలవారు నూటికి 10 వంతున పట్టుకొన్న 40,000 పోగా, ఇంకను కట్టవలసినది 41,900.

వాపసు వచ్చుననుకొన్న సొమ్ము రాకపోగా, ఎదురు కట్టవలసి వచ్చెను. పిల్లవాని మొగము చిన్నబోయినది. మా తమ్ముడు, “బోరు వచ్చే యేడు చూతములే” అని లేచిపోయెను.

ఇందులో ఎవరి మోసమును లేదు. రెండు కాలువలు పారెడి చెరువును తలచుకొనుడు. ఒక్కొక్క కాలువకడ నున్న కావలివాడు తన కాలువ నీటినే చూచును. చెరువు మొత్తము చూడవలసినవాడు ఆసామియే. ఆఫీసువారికి ప్లానుల మాట తెలియదు. కంపెనీలవారికి జీతము మాట తెలియదు. వారు పట్టుకొన్నది పన్నులో ఒక భాగమే కాని పూర్తి పన్ను కాదు. స్వంతయిల్లు కట్టుకొనువాడు ప్లాను వ్రాయించుకొని, ఏమియు పట్టుకొనక సొమ్మిచ్చినను, అదియు ఆదాయమే.

ఇక గడువు మాట. పట్టుకొన్నది పోగా పన్ను 10,000 లేక అంతకు మించి మిగిలినచో సంవత్సరము ముగియకముందే కట్టవలెను. సాధారణముగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలకు నాలుగు వాయిదాలు. పైన చెప్పిన సగము లెక్క చూపువారు మార్చి 15 నాటికి ఒక్కసారిగా కట్టవచ్చును. గడువు దాటిన నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీ. మా వాడు జూలై వరకు ఊరకున్నచో అయిదు నెలల వడ్డీ, 2,095 రూపాయలు, అదనముగా పడియుండును. సంక్రాంతికే మాట బయటపడుట మేలైనది. మార్చి గడువులోపల కట్టివేసెను.

ఇంకొక ఉపాయము కలదు. తనకు వేరు ఆదాయమున్నదని ఉద్యోగి తన ఆఫీసువారికి వ్రాసియిచ్చినచో, వారు దానిని కూడ కలుపుకొని జీతములో నెలనెల పట్టుకొందురు. సంవత్సరారంభముననే చేసిన బరువు తెలియదు.

పెద్దలు మీరు రెండు విషయములు గమనింపవలెను. మొదటిది: “ఆ సొమ్ము నా పేర వేయించుము, నాకు పన్ను లేదు” అని బిడ్డతో ననకుడు. పని చేసినవాడెవడో ఆదాయము వానిదే. రెండవది: వ్యవసాయపు రాబడికి కేంద్రప్రభుత్వపు పన్ను లేదన్నమాట నిజమే; కాని మీ బిడ్డ పేరనే భూమియుండి, ఆ రాబడి 5,000 దాటినచో, తక్కిన ఆదాయముమీద పన్ను రేటు కట్టుటకు దానిని లెక్కలోనికి తీసికొందురు. భూమి పంచినప్పుడు ఈ మాట బిడ్డలకు చెప్పుడు.

1961 నాటి చట్టమునకు బదులు 2025లో చేసిన చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. అంకెలు బడ్జెటు బడ్జెటుకు మారవచ్చును. కావున ఆ యేటి అంకెలు తెలిసినవారి నడిగి తెలిసికొనుడు. కాని రెండు రాబడులను ఒకేచోట కలిపి చూడవలెనను సూత్రము మారదు.

ఈసారి పండుగకు బిడ్డ యింటికి వచ్చినప్పుడు, జీతమెంత యని మాత్రమే అడుగకుడు. “వేరు రాబడి ఏమైన నున్నదా? రెండును కలిపి లెక్క చూచుకొంటివా?” అనియు నడుగుడు. స్వంతపని సొమ్ము చేతికి వచ్చిన ప్రతిసారియు కొంత తీసి పన్నుకై వేరుగా నుంచుమని చెప్పుడు. విత్తనపు గింజలు ప్రక్కకు తీసిన పిమ్మటనే తిండిగింజలు కొలుచుకొను మీకు, ఈ నీతి నేను నేర్పవలసినది కాదు.

సెలవు.