ఓటీపీ కొండెక్కదు: అరకు కాఫీ షెడ్డులో నాకు అర్థమైన ఎంటర్‌ప్రైజ్ ఐటీ

కొత్త ఫోన్ రాగానే మనం కెమెరా, ప్రాసెసర్, ఛార్జింగ్ స్పీడ్ చూస్తాం. కానీ ఒక కంపెనీ తన స్టాఫ్ కోసం వందల ఫోన్లు ఒకేసారి కొనేటప్పుడు చూసే లెక్కలు వేరు. వాటినే ఇప్పుడు ఎంటర్‌ప్రైజ్ ఐటీ ట్రెండ్స్ అంటున్నారు. జీరో ట్రస్ట్, ఎండీఎం, ఆఫ్‌లైన్-ఫస్ట్, డేటా ప్రైవసీ లాంటి పెద్ద పెద్ద మాటలు. ఇవన్నీ నాకు బీటెక్‌లో అర్థం కాలేదు. అరకు కొండల్లో నేను చేసిన ఒక తప్పు వల్ల అర్థమయ్యాయి.

అసలేం జరిగింది?

నేను వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా టీమ్ ఒక క్లయింట్‌కి కాఫీ కొనుగోలు యాప్ చేసింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రైతులు కాఫీ పళ్లు తెచ్చి కాటా వేయిస్తారు. స్టాఫ్ ఫోన్‌లో రైతు కోడ్, బరువు ఎంటర్ చేస్తారు. దాన్ని బట్టి డబ్బులు బ్యాంక్ ఖాతాలో పడతాయి. సింపుల్ యాప్.

డిసెంబర్‌లో, పంట జోరుగా వస్తున్న టైంలో, సెక్యూరిటీ పెంచాలని లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి చేశాం. ఆ సెట్టింగ్ ఆన్ చేసింది నేనే, అదీ అన్ని ఫోన్లకీ ఒకేసారి. ఆఫీసులో టెస్ట్ చేస్తే రెండు సెకన్లలో ఓటీపీ వచ్చింది. మర్నాడు పొద్దున కొండ మీద షెడ్డులో సిగ్నల్ లేదు. ఓటీపీ రాలేదు, యాప్ తెరుచుకోలేదు. బయట రైతులు బస్తాలతో నిలబడి ఉన్నారు. కాఫీ పళ్లు కోసిన రోజే పల్పింగ్ చేసేయాలి, లేటైతే పులిసిపోయి క్వాలిటీ దెబ్బతింటుంది. అంటే "రేపు రండి" అనే ఛాన్స్ లేదు.

అక్కడి స్టాఫ్ అక్క పాత నోట్‌బుక్ తీసి అన్నీ పెన్నుతో రాసుకుంది. తర్వాత ఆ పేజీలు చూసి ఎంట్రీ చేసేటప్పుడు ఒక పెద్దాయన కోడ్‌లో ఒక అంకె మారింది. ఆయన డబ్బులు 19 రోజులు లేటుగా పడ్డాయి. నేను అక్కడికి వెళ్లినప్పుడు అక్క కోప్పడలేదు. "తమ్ముడూ, నీ ఓటీపీ కొండెక్కదు" అంది, అంతే. ఆ తర్వాత మేం మార్చినవి ఒక్కొక్కటే చెప్తాను.

1. జీరో ట్రస్ట్: ఎవరినీ నమ్మకు, కానీ పని ఆపకు

పూర్వం ఆఫీస్ నెట్‌వర్క్ లోపల ఉంటే చాలు, నమ్మేసేవారు. ఇప్పుడు ఎక్కడున్నా సరే, ప్రతి రిక్వెస్ట్‌నీ చెక్ చేయాలి అంటున్నారు. అమెరికా స్టాండర్డ్స్ సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2020లో దీని మీద ఒక గైడ్ కూడా ఇచ్చింది.

"అయితే ఎస్ఎమ్ఎస్ బదులు ఆథెంటికేటర్ యాప్ వాడొచ్చుగా?" అని మీలో చాలామంది అనుకుంటారు. నేనూ అదే అనుకున్నా. నిజమే, ఆ కోడ్ సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లోనే తయారవుతుంది. కానీ కోడ్ కరెక్టా కాదా అని చూడాల్సింది సర్వర్ కదా! సర్వర్‌కే దారి లేనప్పుడు కోడ్ ఉండి ఏం లాభం?

అందుకే ఫోన్‌నే గుర్తింపు కార్డుగా మార్చాం. ఫోన్ చిప్‌లోని సేఫ్ ఏరియాలో ఒక కీ ఉంటుంది, అది బయటకు రాదు. అక్క పిన్ కొడితే ఆ కీ తెరుచుకుంటుంది. సర్వర్‌తో చెకింగ్ సిగ్నల్ దొరికినప్పుడు జరుగుతుంది. వరసగా 72 గంటలు ఫోన్ సర్వర్‌కి కనబడకపోతే యాప్ దానంతట అదే లాక్ అవుతుంది. ఫోన్ పోతే ఆ 72 గంటలు కొంచెం రిస్కే. ఆ రిస్క్ ఎంతవరకు తీసుకోవచ్చో క్లయింట్‌తో కూర్చుని తేల్చుకున్నాం. సెక్యూరిటీ అంటే ఎక్కువ తాళాలు వేయడం కాదు, ఇలాంటి బేరం అన్నమాట.

2. ఆఫ్‌లైన్-ఫస్ట్

నెట్ లేకపోవడం ఎర్రర్ కాదు, అక్కడ అదే నార్మల్. ఎంట్రీ ముందు ఫోన్‌లో ఎన్‌క్రిప్ట్ అయి సేవ్ అవుతుంది, నెట్ వచ్చాక సర్వర్‌కి వెళ్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. సింక్ మధ్యలో సిగ్నల్ పోతే యాప్ మళ్లీ పంపుతుంది. అదే బరువు రెండుసార్లు చేరితే రెండుసార్లు డబ్బులు పడతాయి! అందుకే ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబర్ ఇస్తాం. సర్వర్ ఆ నంబర్ ముందే చూసి ఉంటే రెండోదాన్ని పక్కన పెడుతుంది.

3. ఎండీఎం: వంద ఫోన్లు, ఒక్క స్క్రీన్

ఎండీఎం అంటే మొబైల్ డివైజ్ మేనేజ్‌మెంట్. ఆండ్రాయిడ్‌లో జీరో-టచ్ ఎన్‌రోల్‌మెంట్ ఉంది. సపోర్ట్ ఉన్న ఫోన్‌ని బాక్స్‌లోంచి తీసి నెట్‌కి కనెక్ట్ చేస్తే చాలు, కంపెనీ సెట్టింగ్స్ వచ్చేస్తాయి. కియోస్క్ మోడ్ పెడితే కంపెనీ ఇచ్చిన యాప్స్ మాత్రమే తెరుచుకుంటాయి. స్టాఫ్ సొంత ఫోన్ వాడితే వర్క్ ప్రొఫైల్ పెడతారు. ఆఫీస్ డేటా విడిగా ఉంటుంది, మీ ఫొటోలు కంపెనీకి కనబడవు.

4. అప్‌డేట్: అందరికీ ఒకేసారి వద్దు

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు అన్నీ ఇబ్బంది పడ్డాయి. వాళ్లది సముద్రమైతే నాది పిల్లకాలువ, కానీ తప్పు మాత్రం ఒకటే. ఇప్పుడు మేం ఏ మార్పైనా ముందు ఐదు ఫోన్లకే పంపుతాం. అందులో ఒకటి తప్పనిసరిగా సిగ్నల్ లేని ఊళ్లోది. పంట సీజన్‌లో కొత్త ఫీచర్లు అసలు పంపం.

5. డేటా: అవసరమైనంతే ఉంచుకో

మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. డేటాకి సరైన రక్షణ పెట్టకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. మా పాత యాప్‌లో రైతు బ్యాంక్ నంబర్ కూడా ఫోన్‌లో ఉండేది. ఎందుకు? ఎవరికీ తెలీదు! తీసేశాం. ఇప్పుడు కోడ్, పేరు మాత్రమే ఉంటాయి.

ఇంకోవైపు కొత్త డేటా కూడా కావాల్సి వస్తోంది. అడవులు నరికి పండించిన కాఫీ తమ మార్కెట్లోకి రాకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలు వాయిదాలు పడుతూ వచ్చింది. దాని ప్రకారం పంట ఏ నేల మీద పండిందో లొకేషన్ చూపాలి. 4 హెక్టార్లలోపు తోటకి ఒక్క పాయింట్ చాలు, కానీ అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత ఆరు అంకెల వరకు ఇవ్వాలి. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, కాకపోతే నెట్ సాయం లేకపోతే మొదటి ఫిక్స్ లేటవుతుంది. చెట్ల నీడలో ఇంకా లేటు. మన అరకు కాఫీ పెరిగేదే చెట్ల నీడలో!

మరి కంపెనీలు ఏ ఫోన్ కొంటాయి?

మా అనుభవంలో లిస్ట్ ఇదీ: సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి, ఎండీఎం సపోర్ట్ ఉందా, బ్యాటరీ రోజంతా నిలుస్తుందా, జీపీఎస్ ఎంత నమ్మకం, తడి చేతులతో టచ్ పనిచేస్తుందా. 2023లో పిక్సెల్ 8, 2024లో గెలాక్సీ ఎస్24 ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నప్పుడు మనం సంబరపడ్డాం. కానీ షెడ్డులో ఉండేది ఫ్లాగ్‌షిప్ కాదు, బడ్జెట్ ఫోన్. ఆ మాట అక్కడిదాకా దిగి రావాలి.

కాఫీ బోర్డు 2019లోనే బ్లాక్‌చెయిన్ ఆధారిత మార్కెట్‌ప్లేస్ మొదలుపెట్టింది. ఇప్పుడు అందరూ ఏఐ అంటున్నారు. మంచిదే. కానీ ఇవన్నీ నిలబడేది కాటా దగ్గర కొట్టిన మొదటి ఎంట్రీ మీదే. అది తప్పయితే బ్లాక్‌చెయిన్ ఆ తప్పునే భద్రంగా దాస్తుంది, ఏఐ ఆ తప్పునే నేర్చుకుంటుంది.

తర్వాత సీజన్లో అదే షెడ్డుకి వెళ్లాను. సిగ్నల్ ఇంకా లేదు. అక్క పిన్ కొట్టింది, బరువు ఎక్కించింది, తర్వాతి రైతుని పిలిచింది. నోట్‌బుక్ మాత్రం పక్కనే పెట్టుకుంది. నేను వద్దనలేదు. దాన్ని మా డాక్యుమెంట్‌లో "బ్యాకప్ ప్లాన్" అని రాసుకున్నాను.

మీ ఆఫీస్ లేదా కాలేజీ యాప్ నెట్ లేకపోతే ఏం చేస్తుంది? ఒకసారి ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి తెరిచి చూడండి. ఏం కనబడిందో కామెంట్‌లో రాయండి.